బర్మింగ్‌హామ్ వారి తగవు: ఏది గొప్ప బ్యాండు?

2025 జులై 5, శనివారం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో ఆ రోజు రెండు వీడ్కోలు కచేరీలు జరిగాయి. ఆస్టన్ విల్లా ఫుట్‌బాల్ జట్టు మైదానమైన విల్లా పార్క్‌లో నలభై వేల పైచిలుకు జనం ముందు బ్లాక్ సబ్బాత్ ఆఖరిసారి వాయించింది. పార్కిన్సన్స్ వ్యాధి ముదిరి నిలబడలేని స్థితిలో ఉన్న గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ నల్లని సింహాసనం మీద కూర్చునే పాడాడు. అదే రాత్రి నగరం నడిబొడ్డున యుటిలిటా అరీనాలో జెఫ్ లిన్ తన ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రాతో సొంత ఊరి వాళ్లకు వీడ్కోలు పాటలు వినిపించాడు. ఓజీ, లిన్ ఏడాది తేడాతో అదే ఊళ్లో పుట్టినవాళ్లు. ఒకరిది గుండెల మీద బండ పెట్టినట్టుండే గిటార్ మోత. మరొకరిది వయొలిన్లు, చెల్లోలు కలిసిన తేలికైన పాట. ఒక ఊరికి ఒకే రాత్రి ఇంత భిన్నమైన రెండు వీడ్కోళ్లు దక్కడం రాక్ చరిత్రలో అరుదు.

పదిహేడు రోజుల తర్వాత, జులై 22న, ఓజీ కన్నుమూశాడు. అభిమానుల మధ్య ఒక పాత తగవు మళ్లీ రాజుకుంది. ఈ ప్రాంతం కన్న రాక్ బ్యాండ్లలో అన్నిటికన్నా గొప్పది ఏది? పోటీలో ఉన్న పేర్లు చిన్నవి కావు. బ్లాక్ సబ్బాత్, జూడస్ ప్రీస్ట్, లెడ్ జెప్పెలిన్‌లో సగం, మూడీ బ్లూస్, ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా, స్లేడ్, డ్యురాన్ డ్యురాన్. వీళ్లలో ఎవరిని ముందు నిలబెట్టినా మరొకరి అభిమాని ఊరుకోడు.

తగవులోకి దిగే ముందు పొలిమేరలు తేల్చుకోవాలి, ఎందుకంటే సగం వాదన అక్కడే ఉంది. బర్మింగ్‌హామ్ ఒక నగరం. దానికి పడమర పక్కన డడ్లీ, వాల్సాల్, వెస్ట్ బ్రామ్‌విచ్, టిప్టన్ లాంటి పట్టణాలున్న ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. బొగ్గు గనులు, ఇనుప కొలుములు, గొలుసుల కార్ఖానాలు నిండిన నేల అది. బయటివాళ్లకు రెండూ ఒకటే. బ్లాక్ కంట్రీ మనిషిని బర్మింగ్‌హామ్ వాడని పిలిస్తే మాత్రం అతను వెంటనే సరిదిద్దుతాడు. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లకు ఈ నేల బాగా తెలుసు. 2006లో ఆరంభమైన బాలాజీ ఆలయం టివిడేల్‌లో, ఈ బ్లాక్ కంట్రీలోనే ఉంది. వెంకన్న దర్శనానికి వెళ్లేవాళ్లు జూడస్ ప్రీస్ట్ పుట్టిన వెస్ట్ బ్రామ్‌విచ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే నిలబడి ఉంటారన్నమాట.

లెడ్ జెప్పెలిన్ సంగతి తేలేదీ ఈ పొలిమేరల దగ్గరే. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ వెస్ట్ బ్రామ్‌విచ్‌లో పుట్టాడు. నేటికీ వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ జట్టుకు వీరాభిమాని. డ్రమ్మర్ జాన్ బోనమ్‌ది రెడిచ్, బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన ఉన్న పట్టణం. 2018లో అక్కడ అతని కంచు విగ్రహం నిలిపారు. ఇద్దరూ జెప్పెలిన్‌కు ముందు బ్యాండ్ ఆఫ్ జాయ్ అనే స్థానిక బృందంలో కలిసి పనిచేశారు. 1968 వేసవిలో గిటారిస్టు జిమ్మీ పేజ్ లండన్ నుంచి వచ్చి, వాల్సాల్‌లోని ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ప్లాంట్ పాడుతుంటే విన్నాడు. అంతవరకూ కథ మిడ్‌లాండ్స్‌దే. కానీ బృందాన్ని కట్టినవాడు పేజ్, స్వరరచనకు వెన్నెముక అతనూ జాన్ పాల్ జోన్సూ. ఇద్దరూ లండన్ చుట్టుపక్కల వాళ్లు. తొలి సాధన జరిగింది కూడా లండన్ నడిమధ్యలోనే. అమ్మకాల లెక్క చూస్తే ఈ జాబితాలో ఎవరూ జెప్పెలిన్ దరిదాపుల్లోకి రారు. అయినా ప్రాంతం పేరుతో వేసే పందెంలో సగం వాటాతో గెలవడం కుదరదు.

ఇక ఆస్టన్ కథ.

బర్మింగ్‌హామ్‌ను వెయ్యి వృత్తుల నగరం అనేవారు. బౌల్టన్, వాట్ ఆవిరి యంత్రాలు చేసింది ఇక్కడే. తర్వాతి తరాల్లో పెన్ను ములుకులు, గుండీలు, తుపాకులు, సైకిళ్లు, కార్లు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులు లండన్, లివర్‌పూల్ తర్వాత ఎక్కువగా పడ్డది ఈ ఊరి మీదే. యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లకు పుట్టిన పిల్లలకు కూలిన ఇళ్ల మొండిగోడలే ఆటస్థలాలు. ఆస్టన్ వాడ కుర్రాళ్లలో టోనీ అయోమీ, ఓజీ ఆస్‌బోర్న్, బిల్ వార్డ్ 1948లోనూ, గీజర్ బట్లర్ 1949లోనూ పుట్టారు. నలుగురూ కూతవేటు దూరంలో పెరిగారు. అయోమీ, ఓజీ ఒకే బడిలో చదువుకున్నారు. అయోమీ ఒక ఏడాది పెద్ద, చిన్నపిల్లలను హడలగొట్టేవాడు. ఓజీకి అతనంటే భయం.

బడి వదిలాక వాళ్లముందున్న దారి ఫ్యాక్టరీ గేటు. ఓజీ పశువుల వధశాలలో పనిచేశాడు. లూకస్ ఫ్యాక్టరీలో కారు హారన్ల శ్రుతి సరిచూశాడు. దొంగతనం కేసులో జరిమానా కట్టలేక విన్సన్ గ్రీన్ జైలులో కొన్ని వారాలు ఉన్నాడు. బట్లర్ లెక్కల గుమాస్తాగా చేరాడు. అయోమీ రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేవాడు.

1965లో అయోమీకి పదిహేడేళ్లు. జర్మనీ వెళ్లి వాయించే అవకాశం వచ్చింది, ఉద్యోగం మానేస్తున్నాడు. అది ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక పనికి పోనన్నాడు. మొదలుపెట్టిన పని సరిగ్గా ముగించి రావాలని అమ్మ పట్టుబట్టి పంపింది. ఆ రోజు రేకులు అచ్చొత్తే ప్రెస్ మీద పనిచేసే మనిషి రాలేదు. అలవాటు లేని ఆ యంత్రం దగ్గర అయోమీని నిలబెట్టారు. ప్రెస్ అతని కుడి చేతి మీద దిగింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కోవడంతో మధ్యవేలు, ఉంగరపు వేలి కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమ చేతివాటం. అంటే గిటార్ మెట్ల మీద తీగలను నొక్కేది ఆ కుడి చెయ్యే. ఇక గిటార్ మర్చిపోమన్నారు వైద్యులు.

ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక గ్రామఫోన్ రికార్డు తెచ్చి వినమన్నాడు. వాయించింది జాంగో రైన్‌హార్ట్. అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా ఐరోపాలో జాజ్ గిటార్‌కు చక్రవర్తి అనిపించుకున్న మనిషి. ఆ ఒక్క రికార్డు అయోమీని మళ్లీ లేపింది. పాత్రలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసాను కరిగించి, ఉండ చేసి, వేడి ఇనుముతో తొలిచి వేలికి తొడిగే టోపీలు చేసుకున్నాడు. పట్టు దొరకడానికి పాత తోలు చొక్కా ముక్కలు కోసి వాటిమీద అతికించాడు. అయినా ఆ కృత్రిమ కొసలకు తీగ స్పర్శ తెలియదు. గట్టి తీగలు నొక్కితే నొప్పి. సన్నని గిటార్ తీగలు అప్పట్లో దొరికేవి కావు కాబట్టి బాంజో తీగలు తెచ్చి బిగించాడు. కొన్నేళ్లకు తీగలను వదులు చేస్తూ శ్రుతి దించాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బంలో చాలా పాటలకు గిటార్ మామూలు శ్రుతి కన్నా మూడు స్వరస్థానాలు కిందికి దిగింది. గిటార్‌కు తోడుగా బట్లర్ కూడా తన బేస్ గిటార్ శ్రుతి దించాడు. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడ హెవీ మెటల్ వాయించినా ఆ దిగిన శ్రుతి వినిపిస్తూనే ఉంది. ఒక కార్మికుడి గాయానికి చేసుకున్న మరమ్మతు ఒక సంగీతానికి స్వరూపం ఇచ్చిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

1968లో నలుగురూ కలిశారు. మొదట బ్లూస్ వాయించేవారు, ఎర్త్ అని పేరు. ఆ ఏడాది చివర అయోమీ కొద్ది వారాలు జెత్రో టల్ బృందంలో చేరి తిరిగొచ్చాడు. పేరున్న బృందం ఎంత క్రమశిక్షణతో సాధన చేస్తుందో అక్కడ చూసి, తన వాళ్లనూ పొద్దున్నే లేపి సాధనకు కూర్చోబెట్టాడు. వాళ్లు సాధన చేసే చోటికి ఎదురుగా ఉన్న సినిమా హాల్లో బోరిస్ కార్లోఫ్ భయానక చిత్రం ఆడుతోంది. డబ్బిచ్చి మరీ భయపడటానికి జనం బారులు తీరారు. ఆ సినిమా పేరే బృందం పేరైంది. అదే పేరుతో కట్టిన పాట మూడు స్వరాల మీద నడుస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు చెప్పాలంటే మంద్ర షడ్జమం, దానిపై షడ్జమం, అక్కడినుంచి ప్రతి మధ్యమం. కల్యాణి, పంతువరాళి విని పెరిగిన చెవికి ప్రతి మధ్యమం ఇంటి మనిషే. పాశ్చాత్య శ్రోతకు మాత్రం ఆ దూరం శతాబ్దాలుగా అశాంతికి గుర్తు. దాన్ని అంత నెమ్మదిగా, అంత గట్టిగా ఎవరూ అంతకుముందు వినిపించలేదు.

తొలి ఆల్బం 1969 అక్టోబరులో లండన్‌లో ఒక్క రోజులో రికార్డయింది. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదలైంది. విమర్శకులు ఈసడించారు. జనం కొని బ్రిటన్ జాబితాలో ఎనిమిదో స్థానం దాకా తీసుకెళ్లారు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ‘పారనాయిడ్’ మొదటి స్థానానికి చేరింది. పాటలు ఎక్కువగా రాసింది బట్లర్. మతపెద్దలు వీళ్లను సైతాను భక్తులన్నారు గానీ, బట్లర్ ఐరిష్ క్యాథలిక్ ఇంట్లో పెరిగినవాడు. అతను రాసిన ‘వార్ పిగ్స్’ యుద్ధాలు నడిపే పెద్దలు తాము కదలకుండా పేదల పిల్లలను చావుకు పంపడం మీద రాసిన పాట. వియత్నాం యుద్ధం జోరుగా సాగుతున్న రోజులవి. ఆ మాట ఒక ఫ్యాక్టరీ వాడ కుర్రాడి నోట రావడంలోనే దాని బలముంది.

ఇక్కడిదాకా విన్నవాళ్లు ఒక తీర్మానానికి వచ్చేస్తారు. ఫ్యాక్టరీ ప్రెస్సుల మోత విని పెరిగారు, కాబట్టి ఆ మోతే సంగీతమైందని. ఆ సంగీతకారులూ ఈ మాట చెప్పారు. వాల్సాల్‌లో పెరిగిన జూడస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తన బడి పక్కనే ఇనుప కర్మాగారం ఉండేదనీ, పాఠం వింటుంటే ఆ దెబ్బలకు బల్లలు అదిరేవనీ చెప్పుకొచ్చాడు. అందులో నిజముంది, కానీ అది సగం నిజమే. అవే వీధుల్లో, అవే సైరన్లు వింటూ పెరిగినవాళ్లు ఇంగ్లండ్‌లో అతి మెత్తని రాక్ సంగీతం కూడా చేశారు. ఆ సంగతి చెప్పాలంటే స్ట్రీట్లీ వెళ్లాలి.

బర్మింగ్‌హామ్ శివార్లలో ఉన్న స్ట్రీట్లీలో బ్రాడ్లీ సోదరులు టేపు రికార్డర్ల విడిభాగాలు చేసేవారు. 1962లో అమెరికా నుంచి ఒక వ్యాపారి వచ్చి, అచ్చంగా ఒకేలా ఉండే డెబ్భై టేపు హెడ్లు చేసివ్వగలరా అని అడిగాడు. ఎందుకని తరచి చూస్తే, అతని దగ్గర ఒక వింత వాద్యం ఉంది. మెట్టు నొక్కితే ముందుగా రికార్డు చేసిన వయొలిన్ శబ్దమో, వేణువు శబ్దమో టేపు మీంచి వినిపిస్తుంది. ఒక్కో టేపు సుమారు ఎనిమిది సెకన్లు నడుస్తుంది. సోదరులు దాన్ని మెరుగుపరిచి 1963లో మెలోట్రాన్ పేరుతో తయారుచేశారు. ఆ కంపెనీలో వాద్యాలను పరీక్షించే ఉద్యోగం చేసిన కుర్రాడు మైక్ పిండర్. 1964లో మూడీ బ్లూస్ బృందాన్ని కట్టినవాళ్లలో ఒకడు. మెలోట్రాన్‌ను విప్పి బిగించడం తెలిసిన మనిషి కాబట్టి దాంతో వేదిక మీద మొత్తం వాద్యబృందం పని చేయించాడు. 1967లో వచ్చిన ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’లో అసలు వాద్యబృందమూ మెలోట్రానూ కలిసి వినిపిస్తాయి. ఆల్బం మొత్తాన్ని ఒకే కథగా నడిపే పద్ధతికి తొలి మెట్లలో అదొకటి. అదే ఏడాది బీటిల్స్ కూడా ఈ బర్మింగ్‌హామ్ వాద్యాన్ని ప్రపంచమంతటికీ వినిపించారు.

ఇంకో మెత్తని గొంతు ద మూవ్ అనే బృందానిది. 1967 సెప్టెంబరు 30న బీబీసీ రేడియో 1 మొదలైన రోజున పూర్తిగా ప్రసారమైన తొలి పాట వాళ్లదే. అందులోని రాయ్ వుడ్, బెవ్ బెవన్, తర్వాత వచ్చి చేరిన జెఫ్ లిన్ కలిసి 1970లో ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా మొదలుపెట్టారు. రాక్ బృందంలో చెల్లోలు, వయొలిన్లు శాశ్వత సభ్యులు కావాలన్నది వాళ్ల ఆలోచన. లిన్ స్టూడియోలో కూర్చుని ఒక్కో పొరా పేర్చి పాట కట్టే పనివాడు. 1977 నాటి ‘అవుట్ ఆఫ్ ద బ్లూ’ వింటే ఆ పనితనం తెలుస్తుంది. అందుకే 1990ల మధ్యలో మిగిలిన ముగ్గురు బీటిల్స్ జాన్ లెనన్ వదిలివెళ్లిన పాత టేపులకు ప్రాణం పోయాలనుకున్నప్పుడు ఆ పనికి అతన్ని పిలిచారు.

కాబట్టి ఈ ప్రాంతం సంగీతానికి ఇచ్చింది మోత ఒక్కటే అనుకోవడం తప్పు. అంతకన్నా పెద్ద కానుక చేతిపని. బర్మింగ్‌హామ్ పెద్ద మిల్లుల ఊరు కాదు, దాని అసలు బలం వేలాది చిన్న వర్క్‌షాపుల్లో ఉండేది. కావలసిన వస్తువు బజారులో లేకపోతే చేసుకుంటారు. విరిగితే బాగుచేసుకుంటారు. అయోమీ వేలి టోపీలు, బ్రాడ్లీల మెలోట్రాన్ ఒకే అలవాటుకు రెండు రూపాలు. మరో రెండు పేర్లు చేర్చాలి. బ్యాండ్ ఆఫ్ జాయ్‌లో ప్లాంట్, బోనమ్‌లతో బేస్ వాయించిన లిండన్ లేనీ 1967లో ఇంటి గరాజ్‌లో యాంప్లిఫైయర్లు చేయడం మొదలుపెట్టాడు. అయోమీ తొలి కొనుగోలుదారుల్లో ఒకడు, సబ్బాత్ తొలి రికార్డుల్లో వినిపించే గరుకుదనం లేనీ యాంప్లిఫైయర్లదే. గిటార్లు చేసే జాన్ బర్చ్ ఇంకొకడు. అయోమీ గిటార్‌కు పికప్‌లు చేసిచ్చాడు. స్లేడ్ బృందంలో డేవ్ హిల్ వాయించిన విచిత్రాకారపు ‘సూపర్ యాబ్’ గిటార్ కూడా అతని చేతిదే. గొప్ప బ్యాండ్ల చరిత్ర రాసేవాళ్లు ఈ పనివాళ్లను అడుగున చిన్న అక్షరాల్లో పెడతారు. వాళ్లకు దక్కాల్సిన చోటు అది కాదు.

వాయించడానికి చోట్లూ ఉండేవి. ఫ్యాక్టరీ జీతం చిన్నదే అయినా క్రమంగా వచ్చేది, వాయిదాల మీద గిటార్ కొనుక్కోవడానికి సరిపోయేది. రీగన్ దంపతులు నడిపిన ప్లాజా నాట్యశాలల్లో కుర్ర బృందాలు ఒకే రాత్రి ఒక హాలు నుంచి మరో హాలుకు వాద్యాలు మోసుకుంటూ పరిగెత్తేవి. స్టేషన్ స్ట్రీట్‌లోని ద క్రౌన్ పబ్బు మేడ మీద ట్రంపెట్ వాద్యకారుడు జిమ్ సింప్సన్ 1968లో హెన్రీస్ బ్లూస్‌హౌస్ మొదలుపెట్టాడు. అయోమీ, వార్డ్ అక్కడి తొలి సభ్యులు. సబ్బాత్ అక్కడే వెలుగులోకి వచ్చింది, సింప్సనే వాళ్ల తొలి మేనేజర్ అయ్యాడు. ఎర్డింగ్టన్‌లో ఒక ఫర్నిచర్ దుకాణం మీద నడిచిన మదర్స్ క్లబ్ 1968 నుంచి 1971 దాకా రెండున్నరేళ్లే బతికినా, పింక్ ఫ్లాయిడ్ తమ ‘ఉమ్మగుమ్మా’ ప్రత్యక్ష కచేరీలో కొంత భాగాన్ని అక్కడే రికార్డు చేసింది. మదర్స్ ఉన్న వీధి మీద నడిచే వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

స్లేడ్‌ను ఒక్క మాటతో దాటేయడం అన్యాయమే గానీ, వుల్వర్‌హాంప్టన్ వైపు నుంచి వచ్చిన ఆ నలుగురు 1970లలో బ్రిటన్‌లో ఆరుసార్లు మొదటి స్థానం అందుకున్నారని, నేటికీ క్రిస్మస్ వస్తే వాళ్ల 1973 నాటి పాట లేకుండా ఇంగ్లండ్‌లో దుకాణం తెరుచుకోదని చెప్పి ముందుకు సాగాలి. సబ్బాత్‌కు నిజమైన పోటీదారు జూడస్ ప్రీస్ట్.

బృందం పేరు 1969 నాటిది. దానికి రూపమిచ్చిన కె.కె. డౌనింగ్, ఇయాన్ హిల్ వెస్ట్ బ్రామ్‌విచ్‌లో ఒకే కాలనీలో పెరిగిన స్నేహితులు. 1973లో హాల్‌ఫర్డ్, 1974లో రెండో గిటారిస్టు గ్లెన్ టిప్టన్ చేరారు. సబ్బాత్ బరువును తీసుకుని దాన్నుంచి బ్లూస్ వాసన పూర్తిగా కడిగేసి, జంట గిటార్లతో, వేగంతో, హాల్‌ఫర్డ్ తారస్థాయి గొంతుతో కొత్త శిల్పం చెక్కింది వీళ్లే. తోలు దుస్తులు, ఇనుప గుబ్బలు మెటల్ వేషంగా స్థిరపడింది వీళ్ల నుంచే. 1980 ఏప్రిల్‌లో ‘బ్రిటిష్ స్టీల్’ ఆల్బం వచ్చింది. ఆ ఏడాది జనవరి మొదలు ఏప్రిల్ తొలి రోజుల దాకా బ్రిటన్ ఉక్కు కార్మికులు సమ్మెలో ఉన్నారు. టిప్టన్ స్వయంగా బ్రిటిష్ స్టీల్‌లో పనిచేసి వచ్చినవాడు. ఆ ఆల్బంలో ఉక్కు సైన్యం నడిచినట్టుండే శబ్దం కావాల్సి వస్తే, వంటింటి చెంచాలు, ఫోర్కులున్న ట్రేలు మైకు ముందు ఊపి సాధించారు. అదీ ఆ ప్రాంతపు చేతిపని అలవాటే. 1998లో హాల్‌ఫర్డ్ తాను స్వలింగ సంపర్కుడినని టీవీలో బాహాటంగా చెప్పాడు. మగతనాన్ని అంతగా చాటుకునే సంగీతంలో ఆ మాట చెప్పడానికి కావాల్సిన ధైర్యం చిన్నది కాదు. గాయకుడు అందుబాటులో లేని రోజుల్లో, 1992లోనూ 2004లోనూ, సబ్బాత్ ముందు నిలబడి పాడింది కూడా ఇతనే. ప్రీస్ట్ ఇంకా వాయిస్తూనే ఉంది. 2024లో ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ తెచ్చింది.

ఆ సమ్మె నాటికే ప్రాంతం ముఖం మారిపోతోంది. కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. బ్రయర్లీ హిల్‌లోని రౌండ్ ఓక్ ఉక్కు కర్మాగారం 1982 డిసెంబరులో ఆగిపోయింది. కొత్త తరానికి ఫ్యాక్టరీ గేటు కూడా లేదు. నిరుద్యోగ భృతి దరఖాస్తు ఫారం పేరే పెట్టుకుని 1978లో యూబీ 40 పుట్టింది. హాండ్స్‌వర్త్‌లో కరీబియన్ కుటుంబాల పిల్లలు స్టీల్ పల్స్ పేరుతో అదే ఏడాది తొలి ఆల్బం తెచ్చారు. బ్రాడ్ స్ట్రీట్‌లోని రమ్ రన్నర్ నైట్‌క్లబ్‌లో డ్యురాన్ డ్యురాన్ సింథసైజర్లతో తళుకుబెళుకుల సంగీతం సాధన చేసింది. హాండ్స్‌వర్త్‌లోనే పంజాబీ కుటుంబంలో పుట్టిన అపాచీ ఇండియన్ జమైకా బాణీని, భాంగ్రాను కలిపాడు. ప్రభుదేవా ‘లవ్ బర్డ్స్’ చిత్రంలో రెహమాన్ సంగీతంలో అతని గొంతు దక్షిణాది దాకా వచ్చింది. వీళ్లలో కొందరిది రాక్ కాదు. అయినా ఈ తగవులో వాళ్ల ఊసెత్తకపోతే, ఈ ప్రాంతం అంటే తెల్ల కుర్రాళ్ల గిటార్లే అన్న తప్పుడు బొమ్మ మిగులుతుంది.

బర్మింగ్‌హామ్ తన పిల్లల గొప్పతనాన్ని ఒప్పుకోవడానికి చాలాకాలం తీసుకుంది. లివర్‌పూల్ బీటిల్స్ పేరు మీద పర్యాటకమే నిర్మించుకుంది. ఇక్కడ మదర్స్ పోయింది, రమ్ రన్నర్ నేలమట్టమైంది, క్రౌన్ పబ్బు 2014లో మూతపడింది. 2007లో బ్రాడ్ స్ట్రీట్ నడకదారి మీద ఓజీ పేరుతో తొలి నక్షత్రం పొదిగారు. 2011లో నగర మ్యూజియంలో హోమ్ ఆఫ్ మెటల్ ప్రదర్శన జరిగింది. 2019లో ఒక కాలువ వంతెనకు బ్లాక్ సబ్బాత్ పేరు పెట్టారు. 2022 కామన్వెల్త్ క్రీడల ముగింపు వేడుకలో ఓజీ, అయోమీ వాయించారు. 2023లో బర్మింగ్‌హామ్ రాయల్ బాలే సబ్బాత్ పాటలకు నృత్యరూపకం కట్టింది. నలుగురికీ నగర పౌరసత్వ గౌరవం అందింది మాత్రం 2025 జూన్ 28న, ఓజీ మరణానికి నెల కూడా లేనప్పుడు.

తీర్పు చెప్పాల్సిన చోట దాటవేయడం తగదు. ఒక్కో బృందాన్నీ ఈ నేల నుంచి పెకలించి చూస్తే విషయం తేలుతుంది. జెప్పెలిన్‌కు ప్లాంట్, బోనమ్ కాకుండా మరెవరు దొరికినా పేజ్ ఏదో ఒక పెద్ద బృందం కట్టేవాడు. లిన్ ఏ నగరంలో పుట్టినా బీటిల్స్‌ను ప్రేమించి, పొరలు పేర్చే పాటలే చేసేవాడు. మూడీ బ్లూస్ దగ్గర మెలోట్రాన్ ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టివేయలేం. అయితే వాళ్లు తమ ఊరిని పాటలోకి తేలేదు. ప్రీస్ట్ ఈ నేల బిడ్డ, అందులో సందేహం లేదు. కానీ దాని పునాది సబ్బాత్ వేసింది. సబ్బాత్‌ను ఆస్టన్ నుంచి వేరు చేస్తే ఏమీ మిగలదు. నలుగురూ ఒకే వాడ వాళ్లు. వాళ్ల శ్రుతిని నిర్ణయించింది ఆ ఊరి యంత్రం, దాన్ని గెలిచింది ఆ ఊరి చేతిపని.

ఇప్పటిదాకా వినని పాఠకులు 1970 నాటి తొలి ఆల్బం మొదటి పాటతో మొదలుపెట్టాలి. తర్వాత ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’, ఆ పైన ‘బ్రిటిష్ స్టీల్’ వినాలి. విని వేరే తీర్పు చెప్పదలచుకున్నవాళ్లకు ఆ హక్కు పూర్తిగా ఉంది. ఈ వ్యాసం ఓటు మాత్రం బ్లాక్ సబ్బాత్‌కు, రెండో స్థానం జూడస్ ప్రీస్ట్‌కు.